శ్రూస్‌బరీ కల్నల్ గారు

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కునుకు తీసే వేళ, రెండు వందల ఏళ్ళ పైచిలుకు క్రితం పోయిన ఒక జడ్జి గురించి వినడానికి వచ్చారంటే మీ ఓపికకి దండం పెట్టాలి. (నవ్వులు)

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది మన మసాచుసెట్స్ రాష్ట్రంలోనే, ఈ శ్రూస్‌బరీలోనో, వెస్ట్‌బరోలోనో, వూస్టర్‌లోనో ఉంటారు. పిల్లల్ని స్కూల్లో దింపడం, రూట్ 9 ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం, వారాంతంలో ఆష్‌లాండ్ లక్ష్మీ గుడికి వెళ్ళిరావడం, ఇదీ మన తిరుగుడు. నేను చెప్పబోయేది చాలావరకు ఈ దారుల్లోనే జరిగింది. శ్రూస్‌బరీ మెయిన్ స్ట్రీట్‌లో రోడ్డు పక్కనే ఒక పాత చెక్క ఇల్లుంది. ఎన్నోసార్లు దాని ముందు నుంచి వెళ్ళి ఉంటారు. అది ఆర్టెమస్ వార్డ్ ఇల్లు. ఇప్పుడు హార్వర్డ్ యూనివర్సిటీ చేతిలో ఉంది.

ఎవరీ వార్డ్ అంటే, పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదట్లో, జార్జ్ వాషింగ్టన్ రాకముందు బోస్టన్ చుట్టూ ముట్టడి వేసిన సైన్యానికి అధిపతి. వాషింగ్టన్ వచ్చాడు, ఈయన పక్కకి జరిగాడు, కథ అయిపోయింది. నాకు మాత్రం ఆ ముందూ వెనకా ఉన్న కథే ఆసక్తిగా అనిపిస్తుంది. వూస్టర్‌లో ఒకే కోర్టును జనం రెండుసార్లు మూయించారు, పన్నెండేళ్ళ తేడాతో. మొదటిసారి వార్డ్ జనం మనిషి. రెండోసారి ఆ జనం బాయొనెట్లు, అంటే తుపాకీ చివర బిగించే కత్తులు, ఆయన గుండెకి గురిపెట్టారు. మనిషి మారాడా, జనం మారారా, కాలం మారిందా? మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్ళాలని నా ప్రయత్నం.

ఆయన పుట్టింది 1727 నవంబర్‌లో. శ్రూస్‌బరీకి ఊరుగా గుర్తింపు వచ్చింది కూడా ఆ సంవత్సరమే. తండ్రి నేహమ్ వార్డ్ ఈ ఊరు కట్టినవాళ్ళలో ఒకడు. రైతు, వ్యాపారి, మిలీషియాలో ఆఫీసరు, చిన్న తగాదాలు తీర్చే జస్టిస్, అన్నీ ఆయనే. కొడుకు హార్వర్డ్‌లో చదివి 1748లో పట్టా పుచ్చుకున్నాడు. 1750లో సారా ట్రోబ్రిడ్జ్‌తో పెళ్ళయింది. ఊళ్ళో దుకాణం పెట్టాడు. ఒకటి రెండేళ్ళలో ఆయన కూడా జస్టిస్ అయ్యాడు. ఎనిమిదిమంది పిల్లలు.

ఇక్కడ మిలీషియా గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మనకి సైన్యం అంటే ఎక్కడో కంటోన్మెంటు, యూనిఫాం, జీతం గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. పదహారు నుంచి అరవై ఏళ్ళ మధ్య వయసున్న మగవాళ్ళ పేర్లన్నీ దాదాపుగా పట్టీలో ఉండేవి. తుపాకీ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఏడాదిలో కొన్ని రోజులు ఊరి మైదానంలో కవాతు. కవాతు అయ్యాక తాగుడూ తిండీ. వరసలో నిలబడ్డవాడికి కెప్టెన్ కొత్తమనిషి కాదు. నిన్న ఉప్పు అప్పుగా ఇచ్చిన కొట్టాయన, పొలం గట్టు తగాదా తీర్చిన పెద్దమనిషి, చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునే ఆయన. అయితే ఒక మెలిక ఉంది. ఆఫీసరు కావాలంటే కమిషన్ కాగితం రావాలి, ఆ కాగితం ఇచ్చేది గవర్నరు. మసాచుసెట్స్ అప్పట్లో ఇంగ్లండ్ కాలనీ, ఆ గవర్నర్‌ని వేసేది ఇంగ్లండ్ రాజు. మాట వినేది ఊరు, కాగితం ఇచ్చేది రాజు. ఈ రెండూ ఒకే దారిలో నడిచినంతకాలం ఏ ఇబ్బందీ లేదు.

1755లో వార్డ్ మేజర్ అయ్యాడు. ఫ్రెంచివాళ్ళతో యుద్ధం నడుస్తున్న రోజులు. 1758లో బ్రిటిష్ జనరల్ అబర్‌క్రాంబీ పదహారు వేల మందితో ఫ్రెంచివాళ్ళ టికండరోగా కోట మీదికి వెళ్ళాడు. కోటలో ఫ్రెంచి సేనాని మాంకామ్ దగ్గర నాలుగు వేల మంది కూడా లేరు. అయినా చెట్లు నరికి, కొమ్మలు చెక్కి అడ్డంగా పరిచిన కంచె మీదికి ఫిరంగులు రాకుండానే సైనికుల్ని ఎదురుగా తోలాడు ఆ పెద్దమనిషి. జులై 8న ఒక్క మధ్యాహ్నంలో సుమారు రెండు వేల మంది చచ్చో, గాయపడో పడిపోయారు. వార్డ్ ఆ దండులో ఉన్నాడు కానీ ఆ రోజు పోరాటంలో లేడు. మూత్రంలో రాళ్ళ నొప్పితో మంచం పట్టాడు. ఈ నొప్పిని గుర్తుపెట్టుకోండి, జీవితాంతం ఆయన్ని వదల్లేదు. కల్నల్ హోదాతో ఇంటికొచ్చాడు. మన ఊళ్ళ కుర్రాళ్ళని ఆ దొరలు ఎంత తేలిగ్గా వాడిపారేస్తారో చాలామంది మసాచుసెట్స్ ఆఫీసర్లు ఆ యుద్ధంలోనే కళ్ళారా చూశారు.

1762లో వూస్టర్ కౌంటీ కామన్ ప్లీస్ కోర్టులో జడ్జి అయ్యాడు. అప్పుల దావాలు, జప్తులు, భూమి తగాదాలు నడిచే కోర్టు ఇది. పేరు గుర్తుంచుకోండి. అదే కోర్టులో పెద్ద జడ్జి తిమతీ రగిల్స్. హార్డ్‌విక్ ఊరాయన. ఆరడుగుల మనిషి, నోరు పెద్దది, యుద్ధంలో బ్రిగేడియర్, శాసనసభలో స్పీకర్‌గా చేసినవాడు. పదవుల లెక్కలో రగిల్స్ ఎప్పుడూ వార్డ్ కన్నా ఒక మెట్టు పైన. ఇద్దరిదీ ఒకే కౌంటీ, ఒకే యుద్ధం, ఒకే కోర్టు, ఒకే సభ. 1765లో బ్రిటిష్ పార్లమెంటు దస్తావేజులు, పత్రికల్లాంటి కాగితాల మీద వేసిన స్టాంపు పన్ను వచ్చింది. పన్నుకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో తొమ్మిది కాలనీలు కలిసి పెట్టిన సమావేశానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఈ రగిల్సే. తీరా ఆఖర్న అర్జీ మీద సంతకం పెట్టమంటే, పెట్టను పొమ్మన్నాడు. తిరిగొచ్చాక సభ ఆయన్ని నిలబెట్టి మందలించింది. వార్డ్ అటు పక్షం కాదు. పెద్ద ఉపన్యాసకుడూ కాదు, మాట నెమ్మది. కానీ సభలో గవర్నర్ బెర్నార్డ్‌కి వ్యతిరేకంగా ఓటు పడిన ప్రతిసారీ ఆ ఓట్లలో వార్డ్ ఓటు ఉండేది.

బెర్నార్డ్‌కి ఒళ్ళు మండింది. 1766 జూన్ 30 తారీఖుతో ఒక కాగితం పంపించాడు. మిలీషియా కల్నల్ పదవి నుంచి నిన్ను తీసేశాం, అంతే. కారణం లేదు, మర్యాదకి ఒక ముక్క కూడా లేదు. ఆ సమయానికి శ్రూస్‌బరీలో కొత్త చర్చి కడుతున్నారు. ఇప్పటికీ ఊరి మధ్య పచ్చిక మైదానం దగ్గర ఉందే, తెల్లది, అదే. అప్పట్లో చర్చి కట్టడం అంటే ఊరంతా చెయ్యి వెయ్యాల్సిందే. దూలాలు ఎత్తేవాళ్ళు, మేకులు అందించేవాళ్ళు, ఊరికే నిలబడి సలహాలిచ్చేవాళ్ళు. (నవ్వులు) కల్నల్ గారు కూడా వాళ్ళలో ఉన్నాడు. గుర్రం మీద గవర్నర్ మనిషి వచ్చాడు. ఉత్తరం చేతికిచ్చాడు. అందరూ పని ఆపి చూస్తున్నారు. వార్డ్ చదువుకున్నాడు, మడిచాడు. ఆ తర్వాత ఆయన అన్నట్టుగా ఊరి చరిత్రలో రాసుకున్న మాటల సారం ఇది: “గవర్నర్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఈ పదవి ఇచ్చి ఒకసారి గౌరవించారు, తీసేసి రెండోసారి గౌరవించారు. రెండోదే పెద్ద గౌరవం. ఇందుకు కృతజ్ఞతలు కూడా చెప్పు. నేను ఈ దేశానికి మిత్రుణ్ణి, ఆయన కాడు. నన్ను తీసెయ్యడానికి కారణం అదే కాబట్టి, సాక్ష్యం ఆయనే రాసిచ్చాడు.”

ఇంత గుండ్రంగా ఆ క్షణంలోనే అన్నాడా, తర్వాత మనవలు కాస్త నగిషీ చెక్కారా అని అనుమానం రావచ్చు. నాకైతే నగిషీ ఉన్నా పర్వాలేదు. జరిగింది ముఖ్యం. కాగితం పోయింది, అయినా ఊళ్ళో ఎవరూ ఆయన్ని కల్నల్ అని పిలవడం మానలేదు. పాలించేవాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

ఒక్క నిమిషం దారి తప్పుతాను. ఆ 1766లోనే, నవంబర్‌లో, హైదరాబాద్‌లో నిజాం ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేస్తూ ఒప్పందం చేసుకున్నాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, అవన్నీ. ఏడేళ్ళ తర్వాత, పన్ను మీద కోపంతో జనం బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేసిన తేయాకు పెట్టెలు కూడా ఆ కంపెనీవే. మన తాతముత్తాతల శిస్తు లెక్కలు రాసుకున్న కంపెనీయే ఇక్కడివాళ్ళకి టీ అమ్మబోయింది. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఊరి చరిత్ర నాకు పరాయిదిగా అనిపించదు. సరే, మళ్ళీ దారిలోకి వద్దాం.

1768లో వార్డ్‌ని గవర్నర్ కౌన్సిల్‌కి ఎన్నుకుంటే బెర్నార్డ్ కొట్టేశాడు. టీ గొడవ తర్వాత 1774లో బ్రిటిష్ పార్లమెంటు మసాచుసెట్స్ చార్టర్‌నే, అంటే పాలన ఎలా నడవాలో చెప్పే పత్రాన్నే, తిరగరాసింది. కౌన్సిల్‌ని ఇకమీదట రాజే వేస్తాడు. ఊరి సభ ఏడాదికొకసారి మాత్రమే, అంతకుమించి పెట్టాలంటే గవర్నర్ అనుమతి కావాలి. జడ్జీలు, కోర్టు ఉత్తర్వులు అమలుచేసే షరీఫ్‌లు గవర్నర్ చెప్పుచేతల్లో. రైతుకి అర్థమైంది ఏమిటంటే, రేపు నా పొలం జప్తు చేసే కోర్టు మీద నాకు ఏ పట్టూ ఉండదు.

అప్పుడు జరిగింది మొదటి సంఘటన. 1774 సెప్టెంబర్ 6. వూస్టర్‌లో కామన్ ప్లీస్ కోర్టు తెరవాల్సిన రోజు. ముప్ఫై ఏడు ఊళ్ళ నుంచి మిలీషియా కంపెనీలు దిగాయి. ఎవరో ఓపిగ్గా తలలు లెక్కపెట్టారు: 4,622 మంది. అప్పటి వూస్టర్ జనాభా దీనిలో సగం కూడా ఉండదు. మెయిన్ స్ట్రీట్‌కి అటూ ఇటూ వరసలు కట్టారు. కోర్టు అధికారుల్ని ఆ వరసల మధ్య నుంచి, టోపీలు చేత పట్టుకుని, రాజీనామా కాగితం మళ్ళీ మళ్ళీ చదువుతూ నడిపించారు. వెనకవాళ్ళకి వినపడలేదంటే మళ్ళీ చదవాలి. ఒక్క తుపాకీ పేలలేదు. లెక్సింగ్టన్‌లో యుద్ధం మొదలవడానికి ఏడు నెలల ముందే ఈ కౌంటీలో రాజుగారి పాలన ఆ రోజు సాయంత్రానికి అయిపోయింది. నన్నడిగితే అమెరికా విప్లవం పుట్టింది ఇక్కడే. బోస్టన్‌వాళ్ళు ఒప్పుకోరనుకోండి. (నవ్వులు)

రగిల్స్ రాజు పక్షాన నిలబడ్డాడు. ఆస్తులు పోయాయి, నోవా స్కోషియాకి వలసపోయి 1795లో అక్కడే చనిపోయాడు. వార్డ్‌కి దక్కింది వేరు. ఆయన పాత రెజిమెంటు ఆఫీసర్లు, గవర్నర్ ఇచ్చిన కమిషన్లు మాకొద్దని మూకుమ్మడిగా వదిలేశారు. తర్వాత శ్రూస్‌బరీకి కవాతుగా వచ్చి, మా నాయకుడు నువ్వే అని ఆయన గుమ్మంలో నిలబడి చెప్పారు. ఎనిమిదేళ్ళ క్రితం గవర్నర్ లాక్కున్న పదవి ఇంటికి నడిచొచ్చింది, ఈసారి ఏ కాగితమూ లేకుండా.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర కాల్పుల వార్త వచ్చేసరికి వార్డ్ మళ్ళీ ఆ రాళ్ళ నొప్పితో మంచం మీదే ఉన్నాడు. మర్నాడు తెల్లారి గుర్రమెక్కాడు. ఇక్కడి నుంచి కేంబ్రిడ్జ్‌కి, ఆ నొప్పితో, జీను మీద, సుమారు ముప్ఫై ఐదు మైళ్ళు. అప్పటికి నలభై ఏడేళ్ళు, ఒళ్ళు చేసిన మనిషి. సాయంత్రానికి చేరి సైన్యం బాధ్యత తీసుకున్నాడు.

సైన్యం అని నేను అంటున్నాను కానీ, అక్కడున్నది వేల మంది రైతులు. పెళ్ళికొచ్చిన చుట్టాల్లా ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వచ్చారు, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వెళ్ళిపోసాగారు. తప్పు వాళ్ళదీ కాదు. ఏప్రిల్ నెల, దుక్కి దున్నే రోజులు. మార్చుకోవడానికి చొక్కా కూడా తెచ్చుకోలేదు. హార్వర్డ్ కాలేజీ గదుల్లో, చర్చిల్లో, దొరికిన గుడారాల్లో పడుకున్నారు. నాలుగు కాలనీల వాళ్ళున్నారు, నాలుగు రకాల ఆజ్ఞలు. వార్డ్ ప్రాంతీయ కాంగ్రెస్‌కి, అంటే మసాచుసెట్స్ వాళ్ళు గవర్నర్‌ని కాదని పెట్టుకున్న సభకి, రాసిన ఉత్తరం ఒకటుంది. సైనికుల్ని అధికారికంగా చేర్చుకునే ఉత్తర్వులు వెంటనే ఇవ్వకపోతే నేనొక్కణ్ణే ఇక్కడ మిగిలిపోతాను అని రాశాడు. జనరల్ రాసిన ఉత్తరంలా ఉండదు అది. పెళ్ళాం పుట్టింటికెళ్ళాక ఇల్లు నడపలేని మగాడి గోల అని మా ఆవిడ అంటుంది. (నవ్వులు)

జూన్ 17న బోస్టన్‌కి ఎదురుగా ఉన్న కొండ మీద బంకర్ హిల్ యుద్ధం. వార్డ్ కేంబ్రిడ్జ్‌లోని మకాం నుంచి కదల్లేదు. కొండ మీద కల్నల్ ప్రెస్కాట్ మనుషులు మందూ తూటాలూ అయిపోయి తుపాకీ మడమలతో కొట్టుకుంటుంటే సాయం సమయానికి అందలేదు. ఈ నింద ఆయన మీద ఇప్పటికీ ఉంది. బ్రిటిష్ సేన నేరుగా కేంబ్రిడ్జ్ మీదికొస్తుందేమోనన్న భయంతో మొదట్లో మనుషుల్ని ఆపుకున్నాడని, అసలు తుపాకీమందే లేదని ఆయన తరఫువాళ్ళు చెబుతారు. రెండూ నిజమే. అయినా ఆ రోజు ఆజ్ఞలు గందరగోళంగా వెళ్ళిన మాట కూడా నిజమే. కొండ పోయింది, కానీ బ్రిటిష్ వాళ్ళు 226 మందిని పోగొట్టుకున్నారు, 828 మంది గాయపడ్డారు.

రెండు రోజుల ముందే ఫిలడెల్ఫియాలో కాలనీల ఉమ్మడి సభ, కాంటినెంటల్ కాంగ్రెస్, వాషింగ్టన్‌ని సర్వసేనానిగా ఎన్నుకుంది. వార్డ్‌కి ఆయన తర్వాతి స్థానం. వాషింగ్టన్ వర్జీనియా జమీందారు. ఆయనకి ఈ న్యూ ఇంగ్లండ్ రైతు సైన్యం నచ్చలేదు. మురికి, క్రమశిక్షణ లేదు, ఆఫీసర్లు తమ సైనికులకే గడ్డాలు గీస్తున్నారు! మరి ఆ ఆఫీసరు ఊళ్ళో మంగలే అయితే గియ్యడా? ఇంకో జనరల్, చార్లెస్ లీ, వార్డ్ గురించి ఒక ఉత్తరంలో, లావుపాటి ముసలాయన, చర్చి పెద్దరికం తప్ప యుద్ధం సంగతి బొత్తిగా తెలీదు అని రాసి పారేశాడు. వార్డ్‌కీ వాషింగ్టన్‌కీ చివరిదాకా పొసగలేదు.

కానీ 1776 మార్చి 4 రాత్రి బోస్టన్‌కి ఎదురుగా డార్చెస్టర్ కొండల మీద కోట లేపింది వార్డ్ కింద ఉన్న కుడి పక్క దళమే. హెన్రీ నాక్స్ టికండరోగా నుంచి మంచు మీద ఈడ్చుకొచ్చిన ఫిరంగుల్ని అక్కడ పెట్టారు. నేల గడ్డకట్టి ఉంటే తవ్వడం కుదరక, ముందే చెక్క చట్రాలు చేసి, ఎండుగడ్డి మోపులతో నింపి, రాత్రికి రాత్రే పైకి చేరవేశారు. చక్రాల చప్పుడు వినపడకుండా దారిలో గడ్డి పరిచారు. తెల్లారేసరికి బోస్టన్ మీదికి ఫిరంగులు చూస్తున్నాయి. మార్చి 17న బ్రిటిష్ సేన ఓడలెక్కి వెళ్ళిపోయింది. ఊళ్ళో మశూచి ఉందని, అది ఇదివరకే వచ్చి తగ్గిన ఐదు వందల మందిని ఏరి ముందుగా లోపలికి పంపారు. ఇంత జాగ్రత్తగా ఆలోచించే పనులు వార్డ్‌కి బాగా తెలుసు. గుర్రం మీద కత్తి ఝళిపించే పనులు కాదు. ఆరోగ్యం బాగాలేదని రాజీనామా ఇచ్చినా, వేరే మనిషి దొరికేదాకా ఉండమంటే 1777 దాకా బోస్టన్‌లో ఉండి, ఇంటికొచ్చేశాడు.

తర్వాతి పదేళ్ళు త్వరగా చెప్పేస్తాను. రాష్ట్ర కౌన్సిల్, శాసనసభ, కొంతకాలం కాంటినెంటల్ కాంగ్రెస్, 1785లో శాసనసభ స్పీకర్. వీటన్నిటితో పాటు వూస్టర్ కామన్ ప్లీస్ కోర్టులో ఒకప్పుడు రగిల్స్ కూర్చున్న కుర్చీ, చీఫ్ జస్టిస్ కుర్చీ, ఇప్పుడు ఈయనది.

ఇక రెండో సంఘటన.

యుద్ధం అయిపోయింది, అప్పులు మిగిలాయి. సైనికులకి జీతంగా ఇచ్చిన కాగితాలు విలువ లేకుండా పోతే, ఇల్లు గడవక వాటిని కారుచవగ్గా అమ్ముకున్నారు. కొన్నది బోస్టన్ షావుకార్లు. ఇప్పుడు రాష్ట్రం ఆ కాగితాల మీద పూర్తి విలువ చెల్లిస్తానంది. డబ్బెక్కడిది? పన్నులు. ఎవరి మీద? కాగితాలు అమ్ముకున్న ఆ రైతు మీదే. పైగా పన్ను వెండి నాణెంగా కట్టమన్నారు. ఊళ్ళో నాణెమే లేదు. ధాన్యం ఉంది, పశువు ఉంది, చాకిరీ ఉంది, నాణెం లేదు. యాభై వేల జనాభా కూడా లేని వూస్టర్ కౌంటీలో 1784లో రెండు వేలకి పైగా దావాలు పడ్డాయి. ఆవు జప్తు, ఎద్దు జప్తు, చివరికి మనిషే జైలుకి. జప్తు అంటే ఏమిటో, వేలం అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ వివరించక్కర్లేదు. ఊరూరా సభలు పెట్టి అర్జీలు పంపారు. బోస్టన్‌లో సభ వినలేదు.

1786 సెప్టెంబర్ 5, మంగళవారం. మళ్ళీ వూస్టర్. మళ్ళీ కామన్ ప్లీస్ కోర్టు తెరవాల్సిన రోజు. ముందు రాత్రే కెప్టెన్ ఆడమ్ వీలర్ అనే హబ్బర్డ్‌స్టన్ మనిషి కొన్ని పదుల మందితో వచ్చి కోర్టుని పట్టుకున్నాడు. పొద్దున జడ్జీలు ఒక ఇంట్లో కలిసి, ముందు షరీఫు, బంట్రోతు నడుస్తుంటే కొండ ఎక్కడం మొదలుపెట్టారు. దారిలో కాపలావాడు తుపాకీ ఎత్తి ఆపాడు. వార్డ్ వాణ్ణి చూశాడు. ఒకప్పుడు తన రెజిమెంటులో పనిచేసినవాడు. తుపాకీ దించు అని గద్దించాడు. వాడు దించడమే కాదు, అలవాటుకొద్దీ సెల్యూట్ కూడా చేశాడు! (నవ్వులు) తిరుగుబాటుకొచ్చినవాడు, అయినా కల్నల్ గొంతు వినగానే చెయ్యి దానంతటదే లేచింది.

జనం దారిచ్చారు. మెట్ల దగ్గరికి వెళ్తే అడ్డంగా బాయొనెట్లు. బంట్రోతు చేత తలుపులు తెరిపిస్తే లోపల ఇంకో వరస, తుపాకులు గురిపెట్టి. ఎవరు మీ నాయకుడు అని వార్డ్ అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. చివరికి వీలర్, నేను నాయకుణ్ణి కాను, మా కష్టాలు తీరేదాకా కోర్టులు నడవకూడదని వచ్చాం అన్నాడు. చెప్పేదుంటే రాసివ్వమని వాళ్ళు అడిగారు, రాసివ్వనన్నాడు ఈయన. ముందుకి కదిలితే బాయొనెట్ మొన బట్టల్ని గుచ్చుకుంది. మీ బాయొనెట్లని నేను లెక్కచెయ్యను, కావాలంటే గుండెలో దించుకోండి, అది కొట్టుకుంటున్నంతసేపు నా పని నేను చేస్తాను అన్నాడు. ఆ నెమ్మది మనిషి, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ మెట్ల దగ్గర నిలబడి దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. మీరు చేస్తున్నది రాజద్రోహం అన్నాడు. మధ్యమధ్య అరిచారు, హేళన చేశారు, కానీ విన్నారు. విని, కోర్టు మాత్రం తెరవనివ్వలేదు. జడ్జీలు దగ్గర్లో ఉన్న పూటకూళ్ళ ఇంటికి పోయి, అక్కడ కోర్టు తెరిచినట్టు తెరిచి వాయిదా వేసుకున్నారు. మిలీషియాని పిలిపిద్దామంటే, మావాళ్ళు రారండీ అని ఆఫీసర్లు చేతులెత్తేశారు. వచ్చేవాళ్ళంతా అప్పటికే అవతలి పక్షాన ఉన్నారు కదా!

ఆ నవంబర్‌లో ఇంకోసారి కోర్టుని ఆపారు. అప్పుడు షరీఫు గ్రీన్‌లీఫ్ వాళ్ళని తిట్టాడు. వాళ్ళు, అసలు మా కష్టాల్లో మొదటిది నువ్వే, రెండోది నీ ఫీజులు అన్నారు, ముఖ్యంగా ఉరిశిక్షలకి తీసుకునే ఫీజు మరీ ఎక్కువన్నారు. అదే మీ బాధైతే ఎంతోకాలం ఆగక్కర్లేదు, మీ అందర్నీ ఉచితంగా, సంతోషంగా ఉరితీస్తాను అన్నాడాయన. కోపంగా వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే జనం పడీపడీ నవ్వుతున్నారు. ఎందుకంటే తిరుగుబాటుదారుల గుర్తు పైన్ కొమ్మ. ఎవడో చాటుగా దాన్ని షరీఫు గారి టోపీలో గుచ్చేశాడు.

(ప్రేక్షకుల్లో ఒకరు: “అంటే వార్డ్ షావుకార్ల పక్షం అయిపోయినట్టేనా అండీ?”)

మంచి ప్రశ్న అడిగారు, దాని కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన వాదన ఇది: 1774లో మనల్ని పాలించింది మనం ఎన్నుకోని పార్లమెంటు. ఇప్పుడు చట్టం చేసేది మీరు ఓటేసి పంపిన సభ. నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో మార్చుకోండి, తుపాకీ ఎందుకు? వినడానికి చాలా సబబుగా ఉంటుంది. కానీ మన రాష్ట్రానికి రాసుకున్న 1780 రాజ్యాంగం చూడండి. ఓటు వెయ్యాలంటే అరవై పౌన్ల ఆస్తి ఉండాలి, లేదా ఏడాదికి మూడు పౌన్ల రాబడి వచ్చే భూమి. గవర్నర్ కావాలంటే వెయ్యి పౌన్ల భూమి. అప్పుల కింద ఆస్తి పోతున్నవాడితో ఓటు వేసి మార్చుకోమంటే? పైగా ఆ పన్నులు పెరిగిన ఏళ్ళలో సభలో కూర్చున్నవాళ్ళలో వార్డ్ కూడా ఉన్నాడు, స్పీకర్‌గా కూడా చేశాడు. కాబట్టి ఆయన ధైర్యానికి నేను చేతులు జోడిస్తాను, ఆయన వాదనకి సగమే జోడిస్తాను. వీలర్ మనుషులు చేసింది, 1774లో ఆ వీధిలోనే వాళ్ళ అన్నలు, తండ్రులు చేసిందే. చాలామంది ఆ రెండు చోట్లా ఉన్నవాళ్ళే. తిరుగుబాటుకి పేరిచ్చిన డేనియల్ షేస్ బంకర్ హిల్‌లో పోరాడినవాడు. అంటే వార్డ్ కింద సైనికుడు.

మరుసటి జనవరిలో బోస్టన్ షావుకార్లు చందాలేసుకుని పంపిన సైన్యంతో జనరల్ బెంజమిన్ లింకన్ వచ్చాడు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర ఫిరంగి కాల్పుల్లో షేస్ మనుషులు నలుగురు చనిపోయారు. ఫిబ్రవరి మొదట్లో, మంచు తుఫానులో రాత్రంతా నడిచి పీటర్షామ్‌లో మిగతావాళ్ళని చెదరగొట్టారు. ఆ వసంతంలో ఎన్నికలొస్తే జనం గవర్నర్ బోడన్‌ని దించేసి జాన్ హాన్‌కాక్‌ని తెచ్చుకున్నారు. క్షమాభిక్షలు వచ్చాయి, పన్నులు తగ్గాయి. వార్డ్ చెప్పిన దారీ పనిచేసింది, వీలర్ తుపాకీ లేకపోతే ఆ దారి అంత త్వరగా తెరుచుకునేది కాదని కూడా నేననుకుంటాను.

దేశమంతటికీ వచ్చిన కొత్త రాజ్యాంగం కింద మొదటి కాంగ్రెస్‌కి ఈ ప్రాంతం వాళ్ళు పంపింది జోనథన్ గ్రౌట్ అనే పీటర్షామ్ ఆయన్ని, ఆ రాజ్యాంగం వద్దని వాదించినవాణ్ణి. రెండోసారి ఆయన్ని కాదని ఎవర్ని ఎన్నుకున్నారంటే, ఆర్టెమస్ వార్డ్‌ని. బాయొనెట్లు గురిపెట్టి అయిదేళ్ళు కూడా కాలేదు. నాలుగేళ్ళు, 1791 నుంచి 1795 దాకా, ఫిలడెల్ఫియాలో ప్రతినిధుల సభలో కూర్చున్నాడు. తిరిగొచ్చి ఇంకొన్నాళ్ళు జడ్జిగా చేశాడు. 1800 అక్టోబర్ 28న మెయిన్ స్ట్రీట్‌లోని ఆ ఇంట్లో చనిపోయాడు. ఊళ్ళోనే మౌంటెన్ వ్యూ శ్మశానంలో సమాధి ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు.

నా దగ్గరున్నది ఇంతే. ఇంకా కాస్త సమయం ఉంది కాబట్టి ప్రశ్నలు అడగండి. ఆడమ్ వీలర్ తరఫున వాదించాలనుకునేవాళ్ళకి ముందు మైకు ఇస్తాను. ఆ వెనక చెయ్యెత్తినాయన, మీరు చెప్పండి.